+1.00 అంటే ఇప్పుడు ఒక బంటు కాదు

ఆటని చెస్ ఇంజిన్‌కి, అంటే చదరంగాన్ని విశ్లేషించే ప్రోగ్రాంకి, అప్పగించగానే బోర్డు పక్కన ఒక అంకె కనిపిస్తుంది. +0.35. −1.20. ప్లస్ అయితే తెల్లపావులది పైచేయి, మైనస్ అయితే నల్లపావులది. అంతవరకూ అందరికీ తెలుసు. ఆ 1.20 దేన్ని కొలుస్తోందని అడిగితే మాత్రం ఎక్కువమంది "ఒక బంటు, ఇంకో బంటులో అయిదో వంతు" అంటారు. పదేళ్ల కిందట అది దాదాపు సరైన జవాబే. ఇప్పుడు కాదు. పేరూ రూపమూ పాతవే ఉన్నాయి గానీ, లోపల ఆ అంకెని తయారుచేసే యంత్రాంగం పూర్తిగా మారిపోయింది. కృత్రిమ మేధ కంప్యూటర్ చదరంగాన్ని ఎలా మార్చిందో తెలుసుకోవడానికి ఈ ఒక్క అంకెని పట్టుకుని నడిస్తే చాలు.

పాత అంకె పుట్టుక

1950లో గణిత శాస్త్రవేత్త క్లాడ్ షానన్ అచ్చువేసిన వ్యాసంలోనే మూలసూత్రం ఉంది. మంత్రికి 9, ఏనుగుకి 5, బిషప్‌కీ గుర్రానికీ 3, బంటుకి 1. ఒకే నిలువు వరుసలో రెండు బంట్లు పడినా, బంటు వెనకబడిపోయినా, ఒంటరిదైనా అర మార్కు కోత. వేయడానికి వీలున్న ప్రతి ఎత్తుకీ 0.1 కలపాలి. రెండు పక్షాల మొత్తాల తేడాయే అంచనా. ఆ తర్వాత దాదాపు 65 ఏళ్లపాటు చెస్ ఇంజిన్లన్నీ ఈ చిట్టాని పొడిగించుకుంటూ పోయినవే. తెరుచుకున్న వరుసలో ఏనుగు ఉంటే ఇంత, రాజు ముందు బంట్లు చెదిరితే ఇంత, రెండు బిషప్‌లూ చేతిలో ఉంటే ఇంత అని మనుషులే రాసి, మనుషులే సర్దేవారు.

బలమంతా వెతుకులాటది. సగటున ఒక పొజిషన్‌లో 35 ఎత్తులుంటాయనుకుంటే, చెరో నాలుగు ఎత్తులు ముందుకి చూడాలంటే 35ని ఎనిమిదిసార్లు హెచ్చించాలి. అది రెండు లక్షల కోట్లు దాటుతుంది. ఆల్ఫా-బీటా పద్ధతిలో మంచి ఎత్తుని ముందుగా చూడగలిగితే, దానికన్నా హీనమని తేలిన కొమ్మల్ని అక్కడికక్కడే నరికేయొచ్చు. బాగా కుదిరిన సందర్భంలో పని 30 లక్షల దగ్గరికి దిగుతుంది. 1997 మేలో ప్రపంచ ఛాంపియన్ గ్యారీ కాస్పరోవ్‌ని 3.5–2.5తో ఓడించిన ఐబీఎం కంప్యూటర్ డీప్ బ్లూ సెకనుకి 20 కోట్ల పొజిషన్లు చూసేది. దాని అంచనా మాత్రం మనుషులు చేత్తో రాసిందే.

ఆ చిట్టా పద్ధతికి ఒక జబ్బు ఉండేది. అందులో అన్నీ కూడికలే. సొంత బంట్ల వెనక ఇరుక్కున్న బిషప్ పేరుకి 3 మార్కులు, నిజానికి ఒక పొడవాటి బంటు. దానికో దిద్దుబాటు రాస్తే, ఆ దిద్దుబాటు మరో రకం పొజిషన్‌లో తప్పుతుంది. అప్పుడు దాని మీద ఇంకో దిద్దుబాటు. పావులు ఒకదానితో ఒకటి కలిసి ఎలా పనిచేస్తున్నాయన్నది ఈ కూడికల్లో ఇమడదు. ఇంజిన్ రచయితలు దీన్ని లోతుతో పూడ్చేవారు: అంచనా మొద్దుదైనా ఫర్వాలేదు, ఇంకో రెండెత్తులు ముందుకి చూస్తే తప్పు బయటపడుతుందిలే అని.

ఆల్ఫాజీరో ఏం మార్చింది, ఏం మార్చలేదు

2017 డిసెంబరులో గూగుల్‌కి చెందిన డీప్‌మైండ్ సంస్థ ఆల్ఫాజీరో ఫలితాలు బయటపెట్టింది. నియమాలు తప్ప ఏమీ చెప్పకుండా, తనతో తనే 4 కోట్ల 40 లక్షల ఆటలు ఆడించి, 9 గంటల్లో నేర్పిన న్యూరల్ నెట్‌వర్క్ అది. అప్పటి అగ్రశ్రేణి ఇంజిన్ స్టాక్‌ఫిష్ 8తో 100 ఆటలు ఆడి 28 గెలిచింది, 72 డ్రా చేసింది, ఒక్కటీ ఓడలేదు. ఆ 9 గంటలు వినడానికి చిన్నవే గానీ, ఆటలు పుట్టించడానికి గూగుల్ సొంత టీపీయూ చిప్పులు 5,000 వాడారన్న సంగతి పతాక శీర్షికల్లో పెద్దగా కనపడలేదు. పోటీ షరతుల మీదా అభ్యంతరాలొచ్చాయి. ఎత్తుకి నిమిషం చొప్పున గడువు పెట్టడంతో స్టాక్‌ఫిష్‌లో సమయాన్ని పొదుపుగా వాడుకునే భాగం నిరుపయోగమైంది. ఒకేసారి నడిచే 64 వెతుకులాట థ్రెడ్లకి 1 జీబీ హ్యాష్ (చూసిన పొజిషన్ల ఫలితాల్ని దాచుకునే మెమరీ) ఇచ్చారు, అది మరీ ఇరుకు. 2018 డిసెంబరులో వచ్చిన పూర్తి వ్యాసంలో ఈ షరతుల్ని సరిచేసి 1,000 ఆటలు ఆడించారు: 155 గెలుపులు, 6 ఓటములు, మిగతావి డ్రాలు. దాంతో ఆ వాదన సద్దుమణిగింది.

2017 ఫలితాల్లో అసలు ఆసక్తికరమైన అంకె వేరే ఉంది. స్టాక్‌ఫిష్ సెకనుకి 7 కోట్ల పొజిషన్లు చూస్తుంటే ఆల్ఫాజీరో చూసింది 80 వేలు. దాదాపు తొమ్మిది వందల రెట్లు తక్కువ చూసి గెలిచింది.

అందులో నెట్‌వర్క్ రెండు జవాబులిస్తుంది. మొదటిది పాలసీ: ఈ పొజిషన్‌లో ఏ ఎత్తు చూడదగ్గది, ఏది ఎంత మొగ్గుతో. రెండోది వ్యాల్యూ: ఇక్కడి నుంచి ఆట ఎటు ముగిసేలా ఉంది, −1 నుంచి +1 లోపు. వెతుకులాట ఆల్ఫా-బీటా కాదు. మాంటీ కార్లో పద్ధతిలో ప్రతిసారీ ఒక ఎత్తుని ఎంచుకుని కిందికి దిగుతుంది. ఎంచుకునేటప్పుడు రెండింటిని కలుపుతుంది: ఆ ఎత్తు ఇప్పటిదాకా ఇచ్చిన సగటు ఫలితం ఒకటి, పాలసీ మొగ్గుని "ఇంకా తక్కువసార్లు చూశాం" అన్న బోనస్‌తో హెచ్చించగా వచ్చేది ఇంకొకటి. అంటే మొగ్గు తక్కువున్న ఎత్తు దాదాపు చూడకుండానే ఉండిపోతుంది. దాని బలమూ, ముందు ముందు మనం చూడబోయే బలహీనతా ఈ ఒక్క చోటే ఉన్నాయి.

గమనించాల్సింది ఏమిటంటే, ఇక్కడ అంకె బంట్లలో లేదు. గెలుపు-డ్రా-ఓటమి లెక్కలో ఉంది. బంటు ఇచ్చేసి ఎదుటి గుర్రాన్ని ముప్ఫై ఎత్తులపాటు మూల కూర్చోబెట్టడం లాభమా కాదా అన్న ప్రశ్నకి చిట్టా తడబడుతుంది. ఫలితాన్నే నేర్చుకున్న నెట్‌వర్క్ తడబడదు. అంచు బంటుని హెచ్-6 దాకా తోసి ప్రత్యర్థి రాజుకి ఊపిరాడకుండా చేయడం, బిషప్ కోసం ఏనుగుని ఇచ్చేసి తొందరపడకుండా ఆడటం ఆ ఆటల్లో కనిపించాకే అగ్రశ్రేణి ఆటగాళ్లు వాటిని మామూలు ఆయుధాలుగా వాడటం మొదలుపెట్టారు.

ఆల్ఫాజీరో జనం చేతికి రాలేదు. వచ్చింది లీలా చెస్ జీరో. 2018లో మొదలైన ఈ ప్రాజెక్టుని నడిపించినవాళ్లలో గ్యారీ లిన్‌స్కాట్ ఒకరు. 2013లో స్టాక్‌ఫిష్ కోసం ఫిష్‌టెస్ట్ పరీక్షా వేదికని కట్టిందీ ఆయనే. స్వచ్ఛందంగా ఇచ్చిన గ్రాఫిక్స్ కార్డుల మీద ఆటలు ఆడించి లీలాకి నేర్పారు. 2019 మేలో ఇంజిన్ల పోటీ టీసీఈసీ 15వ సీజన్ తుదిపోరులో లీలా స్టాక్‌ఫిష్‌ని 53.5–46.5తో ఓడించింది. పాత పద్ధతి పని అయిపోయిందని అప్పట్లో గట్టిగానే వినపడింది.

షోగి నుంచి వచ్చిన ఉపాయం

అయిపోలేదు. ఏడాదిన్నర తిరక్కుండా స్టాక్‌ఫిష్ మళ్లీ పైకొచ్చింది. ఈసారి దాని లోపలా ఒక నెట్‌వర్క్ ఉంది. ఆ ఉపాయం చెస్ వాళ్లది కాదు. 2018లో జపాన్ చదరంగం షోగి కోసం యూ నాసు తయారుచేసిన ఎన్‌ఎన్‌యూఈ అది. హిసాయోరి నోడా దాన్ని స్టాక్‌ఫిష్‌లోకి తెచ్చారు. 2020 ఆగస్టులో అసలు కోడ్‌లో కలిసింది, సెప్టెంబరు 2న స్టాక్‌ఫిష్ 12గా విడుదలైంది. ఈ మొత్తం కథలో అన్నిటికన్నా తెలివైన ముక్క ఇదేనని నా లెక్క. అందుకే దీని దగ్గర కాస్త ఆగుదాం.

చిక్కు ఇది: ఆల్ఫా-బీటా బతకాలంటే సెకనుకి లక్షల్లో, కోట్లల్లో అంచనాలు కావాలి. పెద్ద నెట్‌వర్క్ మామూలు సీపీయూ మీద అంత వేగంగా నడవదు. ఎన్‌ఎన్‌యూఈ దీన్ని ఇలా దాటింది. స్టాక్‌ఫిష్ 12లోని నెట్‌వర్క్ ఇన్‌పుట్ "నా రాజు ఫలానా గడిలో ఉండగా, ఫలానా పావు ఫలానా గడిలో ఉందా" అన్న ప్రశ్నల పట్టిక. రాజుకి 64 గళ్లు, రాజులు కాని పావులు రెండు రంగుల్లో కలిపి 10 రకాలు, వాటికి 64 గళ్లు. హెచ్చిస్తే 40,960 ప్రశ్నలు. ఏ పొజిషన్‌లోనైనా వాటిలో "అవును" అనేవి 30కి మించవు, ఎందుకంటే రాజులు పోగా బోర్డు మీద ఉండేవి అన్నే.

ప్రతి ప్రశ్నకీ 256 సంఖ్యల వరుస ఒకటి ఉంటుంది. "అవును" అన్నవాటి వరుసలన్నీ కూడితే మొదటి పొర తయారు. మొత్తం ఒక కోటీ అయిదు లక్షల సంఖ్యలు, ఒక్కోటి 16 బిట్లు, అంటే దాదాపు 20 మెగాబైట్ల ఫైలు. వినడానికి బరువే. కానీ గుర్రం ఒక గడి నుంచి ఇంకో గడికి వెళ్తే మారేవి రెండే రెండు జవాబులు: పాత గడిది "కాదు" అయింది, కొత్త గడిది "అవును" అయింది. కాబట్టి పాత మొత్తంలోంచి ఒక వరుస తీసేసి, ఇంకో వరుస కలిపితే సరి. పావుని కొడితే ఇంకొక తీసివేత. ఏవీఎక్స్2 (ఒకేసారి చాలా సంఖ్యల మీద పనిచేసే ఆదేశాలు) ఉన్న సీపీయూ ఒక్క ఆదేశంతో 16 సంఖ్యల్ని కూడగలదు కనుక 256 సంఖ్యల వరుస 16 ఆదేశాల పని. ఇద్దరు రాజుల వైపు నుంచీ విడివిడిగా చేసినా 64 ఆదేశాల్లో మొదటి పొర సిద్ధం. ఆపై పొరలు చిన్నవి: 512 నుంచి 32, అక్కడి నుంచి 32, చివరికి 1. లెక్కలన్నీ పూర్ణాంకాల్లోనే. రాజు కదిలినప్పుడు మాత్రం ఆ పక్షపు మొత్తాన్ని మొదటి నుంచీ కూడాలి. రాజు తరచుగా కదలడు కాబట్టి సరిపోయింది.

ఇలా చేసినా ఇంజిన్ వేగం బాగా తగ్గింది. అయినా కోడ్‌లో కలిపేనాటి పరీక్షల్లో బలం సుమారు 90 ఈలో (రేటింగ్ పాయింట్లు) పెరిగింది. ఒక చిన్న మెరుగుదల రెండు మూడు ఈలో తెస్తే పండగ చేసుకునే చోట ఇది మామూలు గెంతు కాదు. మొదట్లో బలాబలాల తేడా ఎక్కువగా ఉన్న పొజిషన్లలో పాత చిట్టానీ వాడేవారు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన 16.1తో చిట్టాని పూర్తిగా తీసేశారు. షానన్ నాటి వారసత్వం ఆ రోజుతో సరి. 16.1 నుంచి లోపల రెండు నెట్‌వర్కులు: మామూలు పొజిషన్లకి పెద్దది, ఎటూ తేలిపోయినవాటికి త్వరగా లెక్కేసే చిన్నది.

స్టాక్‌ఫిష్ నెట్‌వర్క్ మొదట్లో స్టాక్‌ఫిష్ ఆటల మీదే నేర్చుకుంది. తర్వాత లీలా ఆటల నుంచి వచ్చిన దత్తాంశంతో నేర్పితే ఇంకా బలపడింది. లీలా బృందం ఆ దత్తాంశాన్ని అందరికీ తెరిచి ఉంచింది. ప్రత్యర్థి పాఠాలు చదివి ప్రత్యర్థినే కొట్టిందన్నమాట.

ఇంతకీ +1.00 అంటే ఏమిటి

నెట్‌వర్క్ ఇచ్చే అంకెకి సహజంగా బంటుతో సంబంధం లేదు. 2022 డిసెంబరులో వచ్చిన స్టాక్‌ఫిష్ 15.1 నుంచి దీనికొక నిర్వచనం పెట్టారు. ఫిష్‌టెస్ట్ దీర్ఘ గడువులో స్టాక్‌ఫిష్ తనతో తనే ఆడితే, ఈ పొజిషన్ నుంచి గెలిచే అవకాశం 50 శాతం ఉంటే అది +1.00. మిగతా సగం దాదాపు అంతా డ్రా. గెలుపుకి 1, డ్రాకి అర పాయింటు చొప్పున వేస్తే సగటున 0.75 పాయింటు.

ఇది ఇంజిన్ల లోకం. మనుషుల లోకం వేరు. ఆన్‌లైన్ చెస్ సైటు లిచెస్ వాడే సూత్రం 2300 రేటింగ్ స్థాయి ఆటగాళ్ల ఆటల నుంచి తీసింది. దాని ప్రకారం +1.00కి గెలుపు శాతం 59 దగ్గర వస్తుంది, +2.00కి 68, +3.00కి 75. అంటే స్టాక్‌ఫిష్ +1.00తో సంపాదించే ఫలితం రావడానికి, బాగా ఆడే మనిషికి +3.00 కావాలి. ఆటలో +0.8 చేజారిందని ఎర్ర గుర్తు పడగానే నెత్తీనోరూ కొట్టుకునే ముందు ఈ లెక్క చూసుకోవడం మంచిది.

లీలా చూపించే అంకె ఇంకో దారిన వస్తుంది. దానికి సహజమైనది గెలుపు-డ్రా-ఓటమి నిష్పత్తి, బంట్ల రూపంలోకి మార్చడం చూపించడం కోసమే. కాబట్టి స్టాక్‌ఫిష్ +0.60 అనీ లీలా +0.90 అనీ అంటే వాళ్లిద్దరూ విభేదిస్తున్నారని అనుకోనక్కర్లేదు. వేర్వేరు కొలబద్దలు అంతే. పాత ఇంజిన్‌తో రాసిపెట్టుకున్న ఓపెనింగ్ ఫైళ్లలోని అంకెల్ని కొత్తవాటితో పోల్చడమూ ఇలాంటి పొరపాటే.

దీనికన్నా పనికొచ్చేది గెలుపు-డ్రా-ఓటమి ప్రదర్శన. యూసీఐ (బోర్డు ప్రోగ్రాం ఇంజిన్‌తో మాట్లాడే భాష) అమరికల్లో షో డబ్ల్యూడీఎల్ అని ఉంటుంది, ఆన్ చేస్తే వెయ్యికి ఇన్ని అని మూడు అంకెలు వస్తాయి. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. స్టాక్‌ఫిష్ ఆ మూడింటినీ తన అంచనా నుంచీ, బోర్డు మీద మిగిలిన పావుల నుంచీ సూత్రంతో లెక్కగడుతుంది. కాబట్టి పావులు ఒకేలా మిగిలిన రెండు పొజిషన్లకి 0.00 వస్తే, ఒకటి చచ్చిన డ్రా అయినా ఇంకొకటి రెండు వైపులా కత్తులు దూసుకున్నదైనా, మూడు అంకెలూ ఒకేలా ఉంటాయి. లీలా వాటిని ఆటల ఫలితాల నుంచి విడిగా నేర్చుకుంది. 20/960/20 అంటే ఇంటికెళ్లొచ్చు. 300/400/300 అంటే ఆట ఇప్పుడే మొదలైంది. రెండింటికీ అంకె 0.00.

అమరికలు, అక్కడ జరిగే తప్పులు

స్టాక్‌ఫిష్‌ని దించుకునేటప్పుడే మొదటి తప్పు జరుగుతుంది. ఒకే వెర్షన్‌కి చాలా బిల్డ్‌లుంటాయి: ఏవీఎక్స్2, బీఎమ్‌ఐ2, ఏవీఎక్స్512 వగైరా. సీపీయూకి లేని ఆదేశాలున్న బిల్డ్ ఎంచుకుంటే ఇంజిన్ మొదలవగానే కూలిపోతుంది, బోర్డు ప్రోగ్రాం "ఇంజిన్ స్పందించడం లేదు" అంటుంది. భయపడి అన్నిటికన్నా పాత బిల్డ్ తీసుకుంటే నడుస్తుంది గానీ, నెట్‌వర్క్ లెక్కలు ఒక్కొక్కటిగా చేసుకుంటూ ఎన్నో రెట్లు నెమ్మదిస్తుంది. సరైన మార్గం: ఆధునికమైన బిల్డ్ నుంచి కిందికి దిగుతూ, కమాండ్ లైన్లో బెంచ్ ఆదేశం ఇచ్చి సెకనుకి ఎన్ని నోడ్లో, అంటే ఎన్ని పొజిషన్లో, చూడటం. వేగం ఎక్కువొచ్చిందే మీది.

అమరికలేవీ మార్చకపోతే స్టాక్‌ఫిష్ 1 థ్రెడ్, 16 మెగాబైట్ల హ్యాష్‌తో నడుస్తుంది. ఇది మరీ పిసినారితనం. థ్రెడ్లు మీ భౌతిక కోర్లకన్నా ఒకటి తక్కువ పెట్టండి, ఆ ఒక్కటీ తెర కదలడానికి. 8 జీబీ ర్యామ్ ఉన్న యంత్రంలో హ్యాష్ 2,048 మెగాబైట్లు చాలు. ఎక్కువిస్తే మంచిదేగా అని 6 జీబీ ఇస్తే ఆపరేటింగ్ సిస్టమ్ డిస్కుకి ఎక్కించడం దించడం మొదలుపెడుతుంది, వేగం నేలకి దిగుతుంది. చాలిందో లేదో చెప్పేది హ్యాష్‌ఫుల్ అంకె, వెయ్యికి లెక్క. విశ్లేషణ మొదలైన కొద్ది క్షణాలకే 1,000 కొడితే హ్యాష్ చిన్నది. రాత్రంతా నడిపాక 1,000 కొడితే అది సహజం.

మల్టీపీవీని 3కి పెడితే మూడు మంచి ఎత్తులు కనిపిస్తాయి, కానీ ఒక్కోదానికీ విడిగా వెతకాలి కనుక అదే సమయంలో లోతు తగ్గుతుంది. నేనైతే మొదట 3 పెట్టి ఒక నిమిషం చూడమంటాను. మొదటి ఎత్తు +0.40, రెండోది +0.35, మూడోది +0.31 అయితే ఏదైనా ఒకటే, అక్కడ "తప్పు" అనేదే లేదు. మొదటిది +0.40, రెండోది −1.50 అయితే అది ఒక్కటే దారి. అప్పుడు 1కి మార్చి లోతుగా పోనివ్వాలి.

ఒకే పొజిషన్ రెండుసార్లు ఇస్తే వేర్వేరు అంకెలు వస్తున్నాయన్నది తరచూ వినే ఫిర్యాదు. అది లోపం కాదు. ఒకటికన్నా ఎక్కువ థ్రెడ్లు నడిచేటప్పుడు ఎవరు హ్యాష్‌లో ముందు రాశారన్నదాన్ని బట్టి వెతుకులాట దారి మారుతుంది. అచ్చంగా అదే ఫలితం మళ్లీ కావాలంటే 1 థ్రెడ్, హ్యాష్ ఖాళీ చేయడం, సమయం బదులు నోడ్ల సంఖ్య. ఈ మూడూ కావాలి.

లోతు అంకెతో పందెం కాయొద్దు. స్టాక్‌ఫిష్ లోతు 30 అంటే అన్ని కొమ్మలూ 30 దాకా చూసిందని కాదు. పనికిరావనుకున్నవి ఎప్పుడో నరికేసింది. లీలా లోతు 12 దాని మాంటీ కార్లో చెట్టు లెక్క. ఈ రెండింటికీ పోలికే లేదు.

పొజిషన్‌ని ఫెన్ (బోర్డుని ఒకే పంక్తిలో అక్షరాలతో రాసే పద్ధతి) వరుసగా అతికించేటప్పుడు అందులో ఆరు భాగాలుంటాయని మరిచిపోతారు. మూడోది క్యాస్లింగ్ హక్కులు, నాలుగోది ఆన్-పాసాన్ గడి. చేత్తో బోర్డు పేర్చి తీసిన ఫెన్‌లో క్యాస్లింగ్ ఉండాల్సిన చోట అడ్డగీత పడిందంటే, రాజు నడిబొడ్డునే నిలబడిపోయాడని ఇంజిన్ నమ్ముతుంది. అంకె ఒక్కసారిగా మారిపోతుంది, కారణం అంతుపట్టదు. ఇంకో సూక్ష్మం: లీలా నెట్‌వర్క్ ఇన్‌పుట్‌లో చివరి ఎనిమిది పొజిషన్లు ఉంటాయి. ఫెన్ ఇస్తే ఆ చరిత్ర పోతుంది, కాబట్టి ఆటలోంచి వెళ్లిన పొజిషన్‌కీ అతికించినదానికీ అంచనాలో చిన్న తేడా రావచ్చు. పునరావృత్తితో డ్రా అయ్యే చోట అయితే ఏ ఇంజిన్‌కైనా పూర్తి ఆటే ఇవ్వాలి.

లీలాకి జీపీయూ, అంటే గ్రాఫిక్స్ కార్డు, కావాలి. ఎన్విడియా కార్డైతే దాని మీద లెక్కలు నడిపే CUDA బ్యాకెండ్, కొత్త కార్డులకి 16 బిట్ల రకం. పెద్ద నెట్‌వర్క్ ఫైలుని సీపీయూ మీద నడిపితే నోడ్లు చుక్కలు చుక్కలుగా రాలతాయి. అలా వచ్చిన సలహా మొదటి చూపు ఊహే తప్ప విశ్లేషణ కాదు. కార్డు లేకపోతే చిన్న నెట్‌వర్క్ పెట్టుకోండి, లేదా స్టాక్‌ఫిష్‌తోనే సరిపెట్టుకోండి. ఇందులో నామోషీ ఏమీ లేదు.

ఎక్కడ తప్పుతాయి

రెండూ తప్పుతాయి, వేర్వేరు చోట్ల.

లీలా తప్పు పాలసీ దగ్గర. గెలిపించే ఎత్తు చూడ్డానికి పిచ్చిదిలా ఉంటే, అంటే మంత్రిని ఊరికే ఇచ్చేసేలాంటిదైతే, దానికి మొగ్గు అతి తక్కువ పడుతుంది. లక్షల నోడ్ల తర్వాత కూడా దానివైపు తిరిగి చూడకపోవచ్చు. పైగా సగటు మీద నడిచే పద్ధతి కనుక, ఒకే ఒక్క సన్నని దారిలో ఉన్న ప్రమాదం మిగతా మంచి దారుల సగటులో కరిగిపోతుంది. మందు చాలా తేలిక: అనుమానమున్న ఎత్తుని మీరే బోర్డు మీద వేసి, కాసేపు ఆలోచించనిచ్చి, వెనక్కి రండి. స్టాక్‌ఫిష్‌తోనూ ఇదే చిట్కా పనిచేస్తుంది. ముందుకెళ్లినప్పుడు దొరికిన ఫలితం హ్యాష్‌లో ఉంటుంది, వెనక్కి రాగానే అంకె మారడం కళ్ల ముందే కనిపిస్తుంది. హ్యాష్ 16 మెగాబైట్లే ఉంటే ఆ ఫలితం ఈలోగా చెరిగిపోతుంది. హ్యాష్ పెంచమన్నది అందుకే.

స్టాక్‌ఫిష్‌కి పాత శత్రువు కోట. ఒక పక్షం పావుల్లో ఎంతో ముందుంది, కానీ ఎదుటివాళ్లు గోడ కట్టి కూర్చున్నారు, లోపలికి దారి లేదు. ఇంజిన్ +2.50 అంటూనే ఉంటుంది. గుర్తుపట్టడం ఇలా: లోతు పెరుగుతున్నా అంకె కదలదు, మొదటి ఎత్తు మాత్రం ఊరికే మారుతుంటుంది, ఒకసారి రాజు ఇటు, ఒకసారి ఏనుగు అటు. నిజంగా గెలిచే పొజిషన్‌లో లోతుతోపాటు అంకె ఎక్కుతుంది. అనుమానమొస్తే ఇంజిన్‌ని తనతో తనే ఆడించండి. బంటు కదలకుండా, పావు కొట్టకుండా ఎత్తులు గడిచేకొద్దీ 50 ఎత్తుల నియమం దగ్గరపడి అంకె 0.00 వైపు జారిందంటే అది కోటే.

పావులు తగ్గాక అంచనాలతో పనే లేదు. సిజిజీ టేబుల్‌బేస్‌లు రాజులతో కలిపి ఏడు పావుల దాకా ప్రతి పొజిషన్‌కీ ఖాయమైన జవాబు చెప్తాయి. అయిదు పావులవరకూ సుమారు 1 జీబీ, ఆరుకి సుమారు 150 జీబీ, ఏడుకి 18 టెరాబైట్ల పైన. అయిదుది అందరూ పెట్టుకోవచ్చు. ఆరుని వేగమైన ఎస్‌ఎస్‌డీలో పెట్టాలి. తిరిగే డిస్కులో పెడితే ఇంజిన్ ప్రతి నోడ్‌కీ సూది కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. ఏడు పావులవి ఇంటర్నెట్‌లో అడిగి తెలుసుకోవడమే మేలు. వీటి సలహా ఒక్కోసారి వింతగా ఉంటుంది: చక్కగా నెగ్గుతున్న చోట ఉన్నట్టుండి ఏనుగుని ఇచ్చేయమంటాయి. వాటి కొలత మేట్‌కి ఉన్న దూరం కాదు, వచ్చే బంటు ఎత్తుకో పావు కొట్టడానికో ఉన్న దూరం. గెలుపు చెడదు, అందం చెడుతుంది. నేర్చుకునేవాళ్లు ఆ ఎత్తుల్ని అనుకరించకూడదు.

మనిషిలా ఆడేవి, మనిషిని చూసి ఆడేవి

బలం చాలిపోయాక పరిశోధన పక్కదారులు పట్టింది. ఆ దారులే ఇప్పుడు ఎక్కువ ఆసక్తిగా ఉన్నాయి. 2020లో వచ్చిన మాయా మంచి ఎత్తు వెతకదు, ఆ రేటింగ్ ఉన్న మనిషి ఏ ఎత్తు వేస్తాడో ఊహిస్తుంది. 1100 నుంచి 1900 దాకా వందేసి తేడాతో తొమ్మిది నెట్‌వర్కులు, లిచెస్‌లో మనుషులు ఆడిన ఆటల మీద నేర్చినవి. సగానికి పైగా ఎత్తుల్ని సరిగ్గా ఊహించగలవు. వీటిని లీలా ప్రోగ్రాంలోనే నడపాలి, కానీ నోడ్లు 1కి పెట్టాలి. ఇది మరిచిపోయి మామూలుగా వదిలేస్తే వెతుకులాట మొదలై మనిషి పోలిక పోతుంది, బలమైన ఇంజిన్లా తయారవుతుంది. 1500 మాయా సులువుగా కనిపెట్టే ఎత్తుని మీరు తప్పారంటే అది సాధన చేయాల్సిన చోటు. స్టాక్‌ఫిష్‌కి మాత్రమే కనిపించిన ఎత్తుని తప్పితే బాధపడక్కర్లేదు.

2024లో డీప్‌మైండ్ వాళ్లు 27 కోట్ల పారామీటర్ల ట్రాన్స్‌ఫార్మర్ రకం నెట్‌వర్క్‌కి కోటి ఆటల పొజిషన్లు, వాటికి స్టాక్‌ఫిష్ 16 ఇచ్చిన విలువలతో నేర్పి, వెతుకులాట అసలు లేకుండా లిచెస్ బ్లిట్జ్‌లో మనుషులతో ఆడించి 2895 రేటింగ్ తెచ్చుకున్నారు. ఒక్క చూపుతో గ్రాండ్‌మాస్టర్ స్థాయి. అయితే ఆ చూపుకి ముందు జరిగిన ఎత్తులు కనపడవు. గెలిచిన పొజిషన్‌లో ఏ దారైనా గెలుపేనని తోచి, తేల్చకుండా తిరుగుతూ పునరావృత్తిలో పడే ప్రమాదం దీనికుంది. ఇక మాటల చాట్‌బాట్లని ఇంజిన్ అనుకోవద్దు. బోర్డు వాటి కళ్ల ముందు ఉండదు. ఆట ముదిరేకొద్దీ లేని పావుని కదుపుతాయి, తడుముకోకుండా దానికి వివరణా ఇస్తాయి. పక్కన ఇంజిన్ అంకె లేని వివరణని నమ్మకపోవడమే క్షేమం.

గుర్రాన్ని ముందే తీసేసి ఆడే లీలా బాట్లు లిచెస్‌లో ఉన్నాయి, బ్లిట్జ్‌లో గ్రాండ్‌మాస్టర్లని కూడా ఓడిస్తుంటాయి. మామూలు స్టాక్‌ఫిష్‌కి ఆ పని సరిగ్గా రాదు. ఎదుటివాడు తనంతటివాడే అనుకుంటుంది కనుక, గుర్రం తక్కువైతే ఓడినట్టేనని ఏ ఎత్తైనా ఒకటేలా చూస్తుంది, పావులు మార్పిడి చేసుకుని ఓటమికి ఇంకా దగ్గరవుతుంది. పూర్వం స్టాక్‌ఫిష్‌లో ప్రత్యర్థిని తక్కువగా చూసే కంటెంప్ట్ అమరిక ఉండేది, 2021లో తీసేశారు. లీలా మాత్రం 2023లో గెలుపు-డ్రా-ఓటమి లెక్కల మీద నడిచే కంటెంప్ట్‌ని తెచ్చింది. దాంతో గందరగోళాన్ని నిలబెట్టి, మార్పిడులు తప్పించి, మనిషి పొరబడే చోటు కోసం కాచుకుంటుంది.

ఇంజిన్లకీ ఇంజిన్లకీ పోటీ పెట్టడమే ఇప్పుడు కష్టమైపోయింది. మొదటి పొజిషన్ నుంచి వదిలేస్తే దాదాపు అన్నీ డ్రాలే, ఎవరు బలవంతులో తేలదు. అందుకే టీసీఈసీలో గానీ ఫిష్‌టెస్ట్‌లో గానీ ఓపెనింగ్‌లని ముందే ఒక పక్షానికి చెడగొట్టి ఇస్తారు. ఒక్కో ఓపెనింగ్‌ని రంగులు మార్చి రెండుసార్లు ఆడిస్తారు. తెల్లతో గెలిచి నల్లతో డ్రా చేసుకున్నవాడిది ఆ జత. ఎంత చెడగొట్టాలన్నదే నేర్పు: మరీ చెడితే తెల్లపావులు రెండుసార్లూ గెలుస్తాయి, తక్కువ చెడితే రెండూ డ్రా. గెలుపూ డ్రా సగం సగం పడే చోట ఎక్కువ సమాచారం దొరుకుతుంది. స్టాక్‌ఫిష్ కొలబద్ద మీద ఆ చోటు +1.00 దగ్గర ఉంది.